సరదా మనది, తలకాయ వాళ్ళది

ఏ ఐటీ కంపెనీ కెఫెటీరియాకైనా వెళ్ళండి. శుక్రవారం మధ్యాహ్నం ఏదో ఒక బల్ల దగ్గర ఈ చర్చ నడుస్తూనే ఉంటుంది. "మంచి ఫామ్‌లో ఉన్న టైసన్, మంచి ఫామ్‌లో ఉన్న అలీ తలపడితే ఎవడు గెలుస్తాడు?" ఒకాయన టైసనే అంటాడు, అదీ రెండో రౌండు లోపలే. ఇంకొకాయన అలీ అంటాడు, ఏడెనిమిది రౌండ్లు చుట్టూ తిప్పి తిప్పి, అవతలివాడు అలిసిపోయాక పడగొడతాడట. ఈ ఇద్దరూ జన్మలో చేతికి గ్లవ్స్ వేసుకున్నది చలికాలంలో బండి నడపడానికి మాత్రమే. అయినా సరే, ఆ ఆత్మవిశ్వాసం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇందులో తప్పేముంది, ఉత్తి టైంపాసు కదా అంటారా? నిజమే. చిన్నప్పుడు భీముడు గొప్పా ఆంజనేయుడు గొప్పా అని మనమందరం కొట్టుకున్నవాళ్ళమే. (దానికి భారతంలోనే సమాధానం ఉంది, భీముడు తోక కూడా కదపలేకపోయాడు. అయినా మన గొడవ మనదే.) కానీ హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఈ ఆట మాటలతో ఆగదు. "ఎవడు గెలుస్తాడు" అన్న ప్రశ్న కింద డబ్బులున్నాయని ఎవడో ఒకడు కనిపెడతాడు. వెంటనే ఒక ముసలాయన్ని ఇంట్లోంచి లాక్కొచ్చి, బొజ్జ కరిగించి, లైట్ల కింద నిలబెడతారు. నా గొడవంతా దాని గురించే. వయసైపోయిన ఛాంపియన్ల మీద మనం కట్టే ఈ ఊహలు నూరేళ్ళ పైనుంచీ ఒక వ్యాపారానికి అడ్వాన్సు బుకింగ్ కౌంటర్‌లా పనిచేస్తున్నాయి. లైన్లో నిలబడి టికెట్టు కొంటున్నది మనం.

ముందు మన ఫీల్డు సంగతి చూద్దాం. ఎందుకంటే ఈ పాపంలో కంప్యూటర్‌కీ వాటా ఉంది.

1967లో మయామీలో మర్రీ వొరోనర్ అనే రేడియో నిర్మాతకి ఒక ఐడియా తట్టింది. వేర్వేరు కాలాల హెవీవెయిట్ హేమాహేమీలని 16 మందిని తీసుకుని వాళ్ళ మధ్య ఒక టోర్నమెంటు పెట్టాలి. అందులో సగంమంది పైన ముసలివాళ్ళో, పోయినవాళ్ళో. కాబట్టి పోటీ కంప్యూటర్లో జరుగుతుంది. బాక్సింగ్ రాతగాళ్ళనీ నిపుణులనీ అడిగి ఒక్కొక్క బాక్సర్‌కి వేగానికి ఇన్ని, గుద్దు బలానికి ఇన్ని, దెబ్బలు ఓర్చుకోవడానికి ఇన్ని అని మార్కులు వేయించారు. వాటిని ఎన్‌సీఆర్ 315 అనే మెషీన్‌కి తినిపించారు. అది కక్కిన ఫలితాన్ని కామెంటరీగా రాసుకుని రేడియోలో వినిపించారు. జనం వెర్రెత్తిపోయి విన్నారు. క్వార్టర్ ఫైనల్లో మహమ్మద్ అలీ ఓడిపోయాడు, ఎవరి చేతిలో అనుకున్నారు? 1905లో రిటైరైన జిమ్ జెఫ్రీస్ చేతిలో! ఫైనల్లో రాకీ మార్సియానో జాక్ డెంప్సీని 13వ రౌండులో పడగొట్టాడు.

అలీకి ఒళ్ళు మండి పది లక్షల డాలర్లకి పరువునష్టం దావా వేశాడు. ఊహా పోటీలో ఓడించినందుకు కోర్టుకెక్కిన మనిషి ఇంకెవరైనా ఉన్నారేమో తెలిస్తే చెప్పండి, దండం పెట్టుకుంటాను. చివరికి దావా రాజీ అయ్యింది. రాజీ ఏవిటంటే అలీకి 10,000 డాలర్లు, లాభాల్లో కొంత వాటా ఇస్తారు, అతను మార్సియానోతో ఒక సినిమా పోటీలో నటించాలి. అప్పటికి 1969. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు 1967లోనే అలీ టైటిల్ లాక్కున్నారు, ఎక్కడా లైసెన్సు ఇవ్వడం లేదు, చేతిలో డబ్బుల్లేవు. 27 ఏళ్ళు, అంటే బాక్సర్‌కి బంగారం లాంటి వయసు, ఖాళీగా కూర్చున్నాడు. అవతల మార్సియానోకి 45. 49 పోటీలు ఆడి 49 గెలిచి 1956లోనే రిటైరైపోయాడు. సినిమా కోసం 20 కిలోల పైన తగ్గి, నెత్తిన విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మయామీ స్టూడియోలో నిమిషానికొక రౌండు చొప్పున సుమారు 70 రౌండ్లు నటించారు. ఒక్కో ముగింపు ఒక్కోలా తీశారు, ఏది చూపిస్తారో నటించినవాళ్ళకే తెలియదు.

అది చూడకుండానే మార్సియానో పోయాడు. 1969 ఆగస్టు 31న విమానం కూలిపోయింది. తెల్లారితే 46వ పుట్టినరోజు. 1970 జనవరి 20న సినిమాని దాదాపు 1,500 థియేటర్లలో ఒకేసారి వేశారు. 13వ రౌండులో మార్సియానో అలీని నాకౌట్ చేశాడు. అమెరికా హాళ్ళలో చప్పట్లు. ఐరోపాలో కొన్నిచోట్ల మాత్రం అలీ గెలిచే ముగింపు వేశారట. ఒకే ప్రోగ్రాము, ఒకే డేటా, దేశాన్నిబట్టి అవుట్‌పుట్టు మారింది. మన భాషలో దీన్ని లోకలైజేషన్ అంటారు :)

ఆ కంప్యూటర్ అలబామాలో తయారైందేమో అని అలీ జోకు వేశాడు. అలబామా అంటే నల్లవాళ్ళని బస్సుల్లో వెనక సీట్లలో కూర్చోబెట్టిన రాష్ట్రం. జోకే అయినా నిజమంతా అందులోనే ఉంది. మనకి కాలేజీలో మొదటి సెమిస్టర్లోనే చెప్తారు, చెత్త పోస్తే చెత్తే వస్తుందని. అక్కడ పోసింది చెత్త కూడా కాదు, ఆశ. అమెరికా మీద ఎదురుతిరిగిన ఆ నల్ల కుర్రాడి నోరు ఒక తెల్ల ఛాంపియన్ మూయించాలి అని ఆనాటి అమెరికాలో చాలామంది కోరుకున్నారు. బతికున్న తెల్లవాళ్ళలో ఆ పని చేయగలవాడెవడూ లేడు. కాబట్టి రిటైరైనవాళ్ళనీ పోయినవాళ్ళనీ లేపారు. మార్కులు వేసింది మనుషులు, ముద్ర వేసింది మెషీను. "నేను చెప్పట్లేదండీ, కంప్యూటర్ చెప్పింది" అనే మాట ఇవాళ ఏఐ పేరు చెప్పి నడిచే ప్రతి మీటింగులోనూ వినిపిస్తోంది కదా, దాని తాతగారు ఈ 1967 టోర్నమెంటు.

ఇంకో తమాషా చూడండి. 1967 నాటికి అలీ ఇంకా సగం కెరీర్ కూడా ఆడలేదు. ఫ్రేజియర్‌తో మూడు పోటీలు ఆడలేదు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్ గుద్దులన్నీ తాళ్ళకి ఆనుకుని తిని, ఎనిమిదో రౌండులో అతన్ని పడగొట్టలేదు. దెబ్బలు ఓర్చుకోవడంలో అలీ ఎంత మొండివాడో లోకానికింకా తెలియదు. ఆ కాలమ్‌లో నిపుణులు ఏ అంకె వేసుంటారు? ఇటు మార్సియానో 49-0 రికార్డులో పెద్దపేర్లు ఎవరివో చూస్తే జో లూయిస్ 37 ఏళ్ళవాడు, జెర్సీ జో వాల్కాట్ 38 ఏళ్ళవాడు, ఆర్చీ మూర్ కూడా ముప్ఫై ఐదు దాటినవాడే. గొప్పవాడు కాదనను. కానీ ఆ "49-0" అనే అంకెలో కొంత భాగం ముసలి ఛాంపియన్ల మీద కట్టిందే.

సరే, ఇది సినిమా. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మార్సియానో విగ్గు తప్ప ఏమీ ఊడలేదు. అసలు కథ ఇంతకుముందే 1910లో జరిగింది, అదే జెఫ్రీస్‌తో.

జాక్ జాన్సన్ 1908లో మొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తెల్ల అమెరికాకి అన్నం సహించలేదు. "జెఫ్రీస్ ఉండుంటే..." అనడం మొదలుపెట్టారు. గమనించండి, ఇదీ ఊహా పోటీయే. ఎప్పుడూ ఓడిపోకుండా రిటైరై, పొలం చూసుకుంటూ ఒళ్ళు పెంచేసిన జెఫ్రీస్ అందరికీ గుర్తొచ్చాడు. జాక్ లండన్ అంతటి రచయిత పేపర్లో రాశాడు, జెఫ్రీస్ పొలం వదిలి బయటికి రావాలని. అయిదారేళ్ళ తరవాత, 45 కిలోల దాకా తగ్గి, 35 ఏళ్ళప్పుడు వచ్చాడు పాపం. 1910 జూలై 4న రీనోలో జాన్సన్ అతన్ని 15వ రౌండులో, జన్మలో మొదటిసారిగా, నేలమీద పడుకోబెట్టాడు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్ళలో అల్లర్లు, చావులు. తన మంచి రోజుల్లో అయినా జాన్సన్‌ని కొట్టగలిగేవాణ్ణి కాదని జెఫ్రీసే ఒప్పుకున్నట్టు అప్పటి పత్రికలు రాశాయి. ఒళ్ళు చెప్పిన సమాధానం అది. అయినా 57 ఏళ్ళ తరవాత కంప్యూటర్ అదే జెఫ్రీస్ చేత అలీని ఓడించింది! కొందరికి ఏ టెస్టు కేసు ఫెయిలైనా లెక్కలేదు, రిలీజు ఆగదు.

ఇక్కణ్ణుంచీ ఒక గొలుసు చెప్తాను, ఓపిగ్గా చదవండి.

జో లూయిస్ 1949లో ఛాంపియన్‌గానే రిటైరయ్యాడు. యుద్ధకాలంలో తన పోటీల డబ్బుని సైన్యం, నౌకాదళం సహాయ నిధులకి ఇచ్చేసిన మనిషి. ప్రభుత్వం మాత్రం పన్ను బాకీ వదల్లేదు. బాకీ కోసం మళ్ళీ దిగాడు. 1951 అక్టోబర్ 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్సియానో అతన్ని ఎనిమిదో రౌండులో తాళ్ళలోంచి బయటికి కొట్టాడు. లూయిస్‌కి 37. చిన్నప్పట్నుంచీ ఆరాధించినవాణ్ణి అలా కొట్టాల్సొచ్చినందుకు మార్సియానో ఏడ్చాడంటారు.

1980 అక్టోబర్ 2, లాస్ వేగాస్. అలీకి 38, రెండేళ్ళుగా పోటీ లేదు. ఎదురుగా లారీ హోమ్స్, ఒకప్పుడు అలీకి ప్రాక్టీసులో దెబ్బలు తినిపెట్టిన కుర్రాడు. అలీ బరువు తగ్గి, తెల్లబడ్డ జుట్టుకి రంగేసి వచ్చాడు. చూసినవాళ్ళంతా 1974 నాటి అలీ తిరిగొచ్చాడన్నారు. ఆ బరువు తగ్గించింది థైరాయిడ్ మందు. ఒళ్ళు లోపలంతా ఎండిపోయి ఉంది. పోటీకి ముందు మేయో క్లినిక్‌లో పరీక్ష చేస్తే వేలితో ముక్కు ముట్టుకోవడంలో కొంచెం తడబాటు, ఒంటికాలి మీద గెంతడంలో ఇబ్బంది ఉన్నాయని రాశారు. అయినా లైసెన్సొచ్చింది. ముగ్గురు జడ్జీల కాగితాల్లోనూ అలీకి ఒక్క రౌండు రాలేదు. హోమ్స్ కొడుతూనే "ఆపండయ్యా" అన్నట్టు రిఫరీ వైపు చూస్తున్నాడు. పది రౌండ్లయ్యాక అలీ ట్రైనర్ ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. అలీ జీవితంలో పోటీ మధ్యలో ఆగిపోయి ఓడింది ఆ ఒక్కసారే. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు.

అక్కడైనా ఆగాలా? 1981 డిసెంబర్‌లో బహామాస్‌లో ఇంకొకటి, ట్రెవర్ బెర్బిక్‌తో. రౌండు గంట దొరక్క ఆవు మెడలో కట్టే గంట వాయించారు. 39 ఏళ్ళ అలీ ఓడిపోయాడు. 1984లో పార్కిన్సన్స్ అని తేల్చారు. తరవాత 32 ఏళ్ళు ఆ వణుకుతోనే బతికాడు, 2016లో పోయేదాకా. గుద్దులవల్లే వచ్చిందా అని డాక్టర్లు ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఆ రెండు పోటీలూ మేలు చేశాయని వాదించే డాక్టర్ మాత్రం నాకెక్కడా కనపళ్ళేదు.

1988 జనవరి 22. ఇప్పుడు 38 ఏళ్ళు హోమ్స్‌కి! రిటైర్మెంటులోంచి బయటికి పిలిచారు. ఎదురుగా 21 ఏళ్ళ మైక్ టైసన్. నాలుగో రౌండులో మూడుసార్లు పడ్డాడు. 2005 జూన్‌లో టైసన్ వంతు. వయసెంతో చెప్పుకోండి? అదే 38. కెవిన్ మెక్‌బ్రైడ్ అనే మామూలు బాక్సర్‌తో ఆరు రౌండ్లయ్యాక స్టూలు మీంచి లేవలేదు. నాలో ఇక ఆ కసి లేదు, బిల్లులు కట్టుకోవడానికే ఆడుతున్నాను అని మైకులోనే చెప్పేశాడు. ఇంతకన్నా మర్యాదగా ఒక మనిషి ఎలా చెప్తాడు?

మనం విన్నామా? 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నప్పుడు, టైసన్ ప్యాడ్స్ కొడుతున్న వీడియో వచ్చింది. కొన్ని సెకన్లు, అంతే. "టైసన్ ఈజ్ బ్యాక్" అని ప్రతి గ్రూపులోనూ ఫార్వర్డు. అయ్యా, మనం సాఫ్ట్‌వేర్ మనుషులం. డెమోకీ ప్రొడక్షన్‌కీ తేడా మనకి కూడా ఎవరైనా చెప్పాలా? బాక్సర్‌కి గుద్దు బలం అన్నిటికన్నా ఆఖర్న పోతుంది. ముందు పోయేవి కాళ్ళు, కళ్ళు, దెబ్బ వస్తోందని తెలిసి తల తిప్పుకునే ఆ క్షణంలో వందోవంతు. ప్యాడ్స్ తిరిగి కొట్టవు కాబట్టి వీడియోలో అది కనపడదు. పైగా వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పుర్రె లోపల ఖాళీ పెరుగుతుంది, అక్కడి రక్తనాళాలు సాగి ఉంటాయి. పాతికేళ్ళవాడు దులుపుకుపోయే దెబ్బకి యాభై దాటినవాడికి లోపల నెత్తురు కారచ్చు. ఇదేమీ కొత్త సంగతి కాదు, గుద్దులు తిన్న మెదడు గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే రాశాడు.

ఇప్పుడు మీరు ఫోర్‌మన్ పేరు ఎత్తుతారని నాకు తెలుసు. ఎవరితో వాదించినా అయిదో నిమిషంలో ఫోర్‌మన్ వస్తాడు. 1994 నవంబర్ 5న 45 ఏళ్ళ జార్జ్ ఫోర్‌మన్, అలీతో ఓడిపోయినప్పటి ఎర్ర నిక్కరే వేసుకుని, మైకేల్ మూరర్‌ని పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో పడుకోబెట్టి మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నాకూ అది చూస్తే ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ లెక్క పూర్తిగా చూడండి. 1977 నుంచి 1987 దాకా పదేళ్ళు అతను తలకి ఒక్క గుద్దు తినలేదు, చర్చిలో ప్రసంగాలు చేసుకున్నాడు. తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి అనామకులతో ఆడి మెల్లిగా పైకొచ్చాడు. ఆ రాత్రి కూడా దెబ్బ తగిలే నిమిషం దాకా ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. ఇంజనీరింగ్ మానేస్తానన్న ప్రతి కుర్రాడూ బిల్ గేట్స్ మానేయలేదా అంటాడు చూశారా, అదీ ఇదీ ఒకటే. మానేసి బిల్ గేట్స్ కానివాళ్ళ ఇంటర్వ్యూలు ఎవరూ వెయ్యరు.

ఆ ఇంటర్వ్యూ వెయ్యని మనిషి పేరు జెర్రీ క్వారీ. 1970లో అలీ తిరిగొచ్చి ఆడిన మొదటి పోటీ ఇతనితోనే. ఛాంపియన్ కాలేదు గానీ ఆ కాలంలో అందరితోనూ నిలబడి గుద్దులాడినవాడు. 1992లో, 47 ఏళ్ళప్పుడు, అప్పటికే బుర్ర దెబ్బతిని ఉండగా, బాక్సింగ్ కమిషనే లేని కొలరాడో రాష్ట్రానికి తీసుకెళ్ళి ఆరు రౌండ్లు ఆడించారు. వచ్చింది 1,050 డాలర్లు. చివరి రోజుల్లో తన అన్నం తను తినలేక, బట్టలు తను వేసుకోలేక, 1999 జనవరిలో 53 ఏళ్ళకి పోయాడు.

ఆ కొలరాడో ట్రిక్కు ఇప్పటికీ నడుస్తోంది. ఇవాండర్ హోలీఫీల్డ్‌ని 2004లోనే న్యూయార్క్ కమిషన్ ఇక నువ్వు ఆడొద్దంది, సత్తా తగ్గిపోయిందని. 2021 సెప్టెంబర్‌లో 58 ఏళ్ళప్పుడు, ఆడాల్సిన డి లా హోయాకి కోవిడ్ వచ్చిందని, చివరి నిమిషంలో హోలీఫీల్డ్‌ని పట్టుకొచ్చారు. కాలిఫోర్నియాలో కుదరదంటే షోని ఫ్లోరిడాకి ఎత్తుకుపోయారు. ఒక రీజియన్‌లో పర్మిషన్ రాకపోతే ఇంకో రీజియన్‌లో డిప్లాయ్ చేసినట్టు. రెండు నిమిషాలు కూడా నిలబడలేదు పాపం. అలీ చివరి పోటీ బహామాస్‌లో ఎందుకు జరిగిందో కూడా ఇప్పుడు మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

"వాళ్ళు చిన్నపిల్లలా? వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం, వాళ్ళకి డబ్బులొస్తున్నాయి, మధ్యలో నీకేంటి నొప్పి?" ఇది రెండో వాదన, దీన్ని నేను తేలిగ్గా కొట్టెయ్యను. 2024 పోటీ అయిపోయాక టైసన్ కూడా అదే అన్నాడు, నాకే పశ్చాత్తాపమూ లేదని. కానీ అదే పోస్టులో ఇంకో ముక్క కూడా రాశాడు. జూన్‌లో తను చావు దాకా వెళ్ళొచ్చానని, ఒంట్లో సగం రక్తం పోయిందని, ఎనిమిదిసార్లు రక్తం ఎక్కించారని. కడుపులో పుండు పగిలిన 58 ఏళ్ళ మనిషికి అయిదారు నెలల్లో లైసెన్సిచ్చి, 27 ఏళ్ళ జేక్ పాల్ ముందు నిలబెట్టారు. ఎగ్జిబిషన్ కూడా కాదు, రికార్డులో ఎక్కే అసలు పోటీ. ఇష్టమే అనుకుందాం. లూయిస్‌కి పన్ను బాకీ, టైసన్‌కి 2003లో దివాలా, క్వారీకి ఇంకే పనీ రాదు. ఎదురుగా కోట్లు పెట్టి "నీ ఇష్టం" అంటే దాన్ని ఇష్టమనే అనాలా? మన దగ్గర ఆన్‌సైట్ ఆశ చూపించి శని ఆదివారాలు కూడా పని చేయించుకుంటే, అది "స్వచ్ఛందం" అని మేనేజర్ అంటే, లంచ్‌లో ఆయన్ని మనం ఏమని తిట్టుకుంటామో గుర్తు తెచ్చుకోండి.

ఆ టైసన్-పాల్ పోటీ దగ్గరే నాకు అసలు కడుపు మండింది. 2024 నవంబర్ 15, టెక్సస్, 70 వేల మంది పైన జనం. మూడు నిమిషాల రౌండ్లని రెండు నిమిషాలకి తగ్గించారు, గ్లవ్స్ మందం పెంచారు, పన్నెండు రౌండ్లు కాదు ఎనిమిదే. అంటే ఏవిటి? ముసలాయన తట్టుకోలేడని నిర్వాహకులకి ముందే తెలుసు. ఆరు కోట్ల ఇళ్ళలో చూశారని నెట్‌ఫ్లిక్స్ చెప్పుకుంది. ఎనిమిది రౌండ్లలో టైసన్ విసిరింది 97 గుద్దులు, తగిలింది 18. చివర్లో పాల్ కొట్టడం తగ్గించి, గంట మోగకముందే వంగి దండం పెట్టాడు. మనకి మర్నాడు పొద్దున. మన గ్రూపులన్నిట్లోనూ చర్చ దేనిమీదో తెలుసా? బఫరింగ్ మీద! సీడీఎన్ ఎందుకు తట్టుకోలేదు, ఆటోస్కేలింగ్ ఏమయింది, అంత పెద్ద కంపెనీ లోడ్ టెస్టింగ్ సరిగ్గా చేసుకోదా అని పేజీలకి పేజీలు. ఒక్కడంటే ఒక్కడు ఆ మనిషికి లోడ్ టెస్టింగ్ చేసిందెవరు అని అడగలేదు.

పాపం, టైసన్‌ని కొట్టించడంలో మన తెలుగువాళ్ళమూ వెనకబడలేదు లెండి. 2022లో వచ్చిన లైగర్‌లో పూరీ జగన్నాథ్ గారు విజయ్ దేవరకొండ చేత టైసన్‌ని కొట్టించారు, తెలుగులో టైసన్‌కి బాలకృష్ణ గొంతు. సినిమా పోయింది, నవ్వుకున్నాం. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో ముసలి ఛాంపియన్‌తో జరిగిన అతి మర్యాదైన పోటీ అదే. ఏ గుద్దూ తగల్లేదు, కెమెరా ఆపగానే ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. మార్సియానో, అలీ మయామీలో చేసింది కూడా అంతే. ఊహ అనేది అక్కడ ఉండాలి, సినిమాలో, ఆటలో, మాటల్లో.

జరగని పోటీ ఒకటి చెప్తాను. 1999 జనవరిలో హ్యూస్టన్‌లో ఫోర్‌మన్‌కీ హోమ్స్‌కీ మ్యాచ్ పెట్టారు. ఫోర్‌మన్‌కి 50, హోమ్స్‌కి 49. ఇరవై ఏళ్ళుగా అభిమానులు కొట్టుకుంటున్న ప్రశ్న అది, జాబ్‌కి కోచ్‌కి సంబంధం లేకుండా అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. ప్రమోటర్ దగ్గర డబ్బులు పుట్టక రద్దయింది. ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది. ఎవరికైనా నష్టమొచ్చిందా? ఫోర్‌మన్ గ్రిల్లులు అమ్ముకుని బాక్సింగ్‌లో కన్నా ఎక్కువ సంపాదించి, పిల్లలతో, మనవలతో 2025 మార్చి దాకా హాయిగా బతికాడు.

ఇక మీ ఇష్టం. రేపు ఇంకో అరవై ఏళ్ళాయన్ని తీసుకొస్తారు, ట్రైలర్లో పాత నాకౌట్లు బ్లాక్ అండ్ వైట్‌లో చూపిస్తారు, "తలా వంద వేసుకుని మా ఇంట్లో చూద్దాం" అని గ్రూపులో మెసేజ్ వస్తుంది. నా వంద మాత్రం అడక్కండి. 2009లో వచ్చిన ఫైట్ నైట్ రౌండ్ 4 డిస్కు నా దగ్గర ఇంకా ఉంది, అట్ట మీద అలీ, టైసన్ ఇద్దరూ ఉన్నారు. ఎప్పుడైనా రండి. టైసన్‌ని మీరు తీసుకోండి, అలీని నాకొదిలేయండి.